చలికి ఆలస్యమైన గులాబీ: పూత కాలాన్ని లెక్కించడం

పాఠ్యాంశ క్రమం

1. ఉద్దేశాలు
2. పరిచయం
3. గులాబీ ఏడాది పొడవునా ఎందుకు పూస్తుంది?
4. చలి, పూత: డిగ్రీ-దినాల లెక్క
5. మన కోస్తాలో చలి ఎంత ఆలస్యం చేయగలదు?
6. ఒక అనుభవం: తిత్లీ తరవాతి పెరడు
7. చలి కాని కారణాలు
8. ఆలస్యమైనప్పుడు ఏం చేయాలి?
9. మామిడితో పోలిక
10. పండుగకు పూలు: వెనక్కి లెక్కించడం
11. సారాంశం
12. మీ ప్రగతిని పరీక్షించుకోండి: జవాబులు
13. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- ఉష్ణోగ్రతకూ గులాబీ పూతకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
- కత్తిరింపు తేదీ నుంచి పూత తేదీని సుమారుగా లెక్క కట్టగలుగుతారు.
- ఆలస్యంలో చలి వాటా ఎంతో, ఇతర కారణాల వాటా ఎంతో వేరుచేసి చెప్పగలుగుతారు.
- ఆలస్యమైన మొక్కకు హాని కలగకుండా ఏ చర్యలు తీసుకోవాలో, వేటిని మానుకోవాలో నిర్ణయించగలుగుతారు.

2. పరిచయం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెరటి గులాబీలకు మంచి రోజులు నవంబరు చివరినుంచి ఫిబ్రవరి దాకా. వర్షాలు వెనకబడి, ఎండ మెత్తబడి, రాత్రులు చల్లబడే ఈ కాలంలో పూలు పెద్దవిగా, ముదురు రంగుతో వస్తాయి. ఈ కాలంలోనే చాలామంది పెంపకందార్లు ఒక ఫిర్యాదు చేస్తుంటారు: "ఈ ఏడు చలి ఎక్కువ, మొక్క ముడుచుకుపోయింది, పూత రాలేదు." ఆ మాట అనుకున్నాక రెండు పనులు జరుగుతాయి. మొక్క మొదట్లో యూరియా పడుతుంది. రోజుకు ఒకసారి పోసే నీళ్లు రెండుసార్లవుతాయి. మొక్కకు నిజంగా జబ్బు చేసేది చాలాసార్లు ఆ తరవాతే.

చలి గులాబీ పూతను ఆలస్యం చేస్తుందన్న మాట శాస్త్రీయంగా నిజమే. అయితే ఎంత ఆలస్యం చేస్తుంది? ఐదు రోజులా, ఐదు వారాలా? ఈ ప్రశ్నకు అంకెల్లో జవాబు చెప్పగలిగితే, ఓపిక పట్టవలసిన మొక్క ఏదో, వెంటనే పరీక్షించవలసిన మొక్క ఏదో తెలుస్తుంది. ఆ లెక్కను నేర్పడమే ఈ పాఠం ముఖ్య ఉద్దేశం. దీనికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఒక నోటు పుస్తకం, దినపత్రికలో రోజూ వచ్చే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు చాలు.

3. గులాబీ ఏడాది పొడవునా ఎందుకు పూస్తుంది?

అడవి గులాబీ జాతుల్లో ఎక్కువ భాగం ఏడాదికి ఒక్కసారే, వసంతంలో పూస్తాయి. మిగతా కాలంలో వాటి కొమ్మలు ఆకులు మాత్రమే వేస్తాయి. పూతను అణచి ఉంచే ఒక జన్యువు ఇందుకు కారణం. వసంతంలో దాని పట్టు సడలి పూత వస్తుంది. తరవాత అది మళ్లీ పనిచేయడంతో పూత ఆగిపోతుంది.

చైనా తోటల్లో శతాబ్దాలుగా పెంచుతున్న కొన్ని గులాబీల్లో ఈ జన్యువు దెబ్బతిని ఉంది. జన్యువు మధ్యలో వేరొక డి.ఎన్.ఎ. ముక్క చేరడం వల్ల అది పనిచేయదని 2012లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. అణచివేత లేనందువల్ల ఆ మొక్కల్లో ప్రతి కొత్త కొమ్మా పువ్వుతో ముగుస్తుంది. 18వ శతాబ్దం చివరినుంచి ఇవి ఐరోపాకు చేరాయి. అక్కడి గులాబీలతో వీటిని సంకరం చేయడంతో ఆధునిక గులాబీలు రూపొందాయి. 1867లో ఫ్రాన్సులో విడుదలైన 'లా ఫ్రాన్స్' రకాన్ని హైబ్రిడ్ టీ వర్గంలో మొదటిదిగా లెక్కిస్తారు. మన పెరళ్లలో పెద్ద పూలు పూసే మొక్కల్లో ఎక్కువ భాగం ఈ వర్గానివే.

దీనినుంచి మనం గుర్తుంచుకోవలసిన అంశం ఒకటుంది. ఆధునిక గులాబీ పూయడానికి చలి అవసరం లేదు, ప్రత్యేకమైన రుతువూ అవసరం లేదు. కొత్త చిగురు రావాలి, అది ఎదగాలి. చిగురు ఎదిగే వేగాన్ని నిర్ణయించే అంశాల్లో ముఖ్యమైనది ఉష్ణోగ్రత. కాబట్టి చలి పూతను రద్దు చేయదు, దాని నడకను నెమ్మదింపజేస్తుంది.

4. చలి, పూత: డిగ్రీ-దినాల లెక్క

4.1 భావన

మొక్క రోజులను లెక్కపెట్టదు, తనకు అందిన వేడిని కూడబెట్టుకుంటుంది. ఈ ఆలోచనను 1735లో ఫ్రెంచి శాస్త్రవేత్త రెయొమూర్ ప్రతిపాదించాడు. ఒక పంట ఒక దశకు చేరడానికి ఇంత వేడి మొత్తం కావాలని, వెచ్చని ఏడాదిలో ఆ మొత్తం త్వరగా, చల్లని ఏడాదిలో ఆలస్యంగా సమకూరుతుందని ఆయన భావించాడు. నేడు ఈ మొత్తాన్ని డిగ్రీ-దినాలలో కొలుస్తారు.

ప్రతి మొక్కకూ ఒక కనిష్ఠ హద్దు ఉంటుంది. అంతకంటే చల్లబడితే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. దీన్ని ఆధార ఉష్ణోగ్రత అంటారు. గులాబీకి ఇది సుమారు 5 డిగ్రీల సెల్సియస్. లెక్క ఇలా చేయాలి:

రోజు సగటు = (గరిష్ఠం + కనిష్ఠం) ÷ 2
ఆ రోజు డిగ్రీ-దినాలు = రోజు సగటు - 5

ఒక రోజు గరిష్ఠం 30, కనిష్ఠం 20 డిగ్రీలు అనుకోండి. సగటు 25. అందులోంచి 5 తీసివేస్తే 20. అంటే ఆ రోజు మొక్క ఖాతాలో 20 డిగ్రీ-దినాలు జమ అయ్యాయి.

4.2 ఒక లెక్క

కత్తిరింపు నుంచి పువ్వు విచ్చడానికి ఒక రకానికి 900 డిగ్రీ-దినాలు కావాలనుకుందాం. ఇది లెక్క సులువు కోసం తీసుకున్న అంకె. అసలు అంకె రకాన్ని బట్టి, కత్తిరింపు లోతును బట్టి మారుతుంది. దాన్ని మీ పెరట్లోనే కనుక్కునే పద్ధతి 8వ భాగంలో ఉంది. వివిధ సగటు ఉష్ణోగ్రతల వద్ద పూతకు పట్టే కాలం:

- సగటు 28 డిగ్రీలు: రోజుకు 23 జమ, సుమారు 40 రోజులు
- సగటు 25 డిగ్రీలు: రోజుకు 20 జమ, 45 రోజులు
- సగటు 23 డిగ్రీలు: రోజుకు 18 జమ, 50 రోజులు
- సగటు 20 డిగ్రీలు: రోజుకు 15 జమ, 60 రోజులు
- సగటు 15 డిగ్రీలు: రోజుకు 10 జమ, 90 రోజులు

ఈ లెక్కకు పై హద్దు కూడా ఉంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు బాగా దాటాక వేడి పెరిగిన కొద్దీ ఎదుగుదల అదే దామాషాలో పెరగదు. ఏప్రిల్, మే నెలల్లో పూలు చిన్నవై, రేకులు తగ్గి, ఒక్క పూటలో వాడిపోవడం మీరు చూసే ఉంటారు. అందువల్ల ఈ సూత్రాన్ని అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకే వాడండి.

4.3 ఆలస్యం వల్ల లాభం

నెమ్మదిగా ఎదిగిన మొగ్గకు ఆహారం కూడబెట్టుకునే వ్యవధి ఎక్కువ. అందుకే చలికాలపు పువ్వు పెద్దది, రేకులు ఎక్కువ. ఎరుపు, గులాబి రంగులనిచ్చే ఆంథోసయనిన్ వర్ణకాలు చల్లదనంలో బాగా తయారవుతాయి. ఒక మొక్కకే డిసెంబరులో పూసిన పువ్వునూ ఏప్రిల్‌లో పూసినదాన్నీ పోల్చి చూస్తే రెండూ వేర్వేరు రకాలేమో అనిపిస్తుంది. చలికి వారం ఆలస్యమైన పువ్వు ఆ వారానికి తగిన ప్రతిఫలం ఇస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
అ) గరిష్ఠం 28, కనిష్ఠం 16 డిగ్రీలు ఉన్న రోజున గులాబీ ఖాతాలో ఎన్ని డిగ్రీ-దినాలు జమ అవుతాయి?
ఆ) 900 డిగ్రీ-దినాలు కావలసిన రకానికి, ఇలాంటి రోజులే కొనసాగితే, పూతకు సుమారు ఎన్ని రోజులు పడుతుంది?

5. మన కోస్తాలో చలి ఎంత ఆలస్యం చేయగలదు?

గులాబీని గురించి ఇంగ్లండు, ఐరోపా దేశాల పుస్తకాల్లో చదివినప్పుడు 'చలి వసంతం' అనే మాట తరచుగా వస్తుంది. అక్కడ చలికాలంలో మొక్క ఆకు రాల్చి నిద్రిస్తుంది. మార్చి, ఏప్రిల్‌లలో చిగురిస్తుంది. మొదటి పూలు మే చివర్లో లేదా జూన్‌లో వస్తాయి. వసంతం చల్లగా ఉంటే పూత వారాల తరబడి వెనకబడుతుంది. 2013 మార్చి నెల బ్రిటన్‌లో 1962 తరవాత అత్యంత చల్లని మార్చిగా నమోదైంది. ఆ ఏడాది అక్కడి తోటల్లో మొక్కల ఎదుగుదల బాగా ఆలస్యమైంది.

ఆ ఆలస్యాన్ని మన లెక్కతో అర్థం చేసుకుందాం. వసంతంలో అక్కడి సగటు 11 డిగ్రీలు అనుకుంటే రోజుకు 6 జమ అవుతాయి. అది 3 డిగ్రీలు తగ్గి 8కి వస్తే రోజుకు 3 మాత్రమే. అంటే వేగం సగానికి సగం పడిపోయింది. 90 డిగ్రీ-దినాలు కూడడానికి 15 రోజులు పట్టవలసింది 30 రోజులు పడుతుంది.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. శ్రీకాకుళం, విజయనగరం మైదానాల్లో నవంబరు, డిసెంబరుల్లో సగటు సుమారు 23 నుంచి 25 డిగ్రీలు ఉంటుంది. జనవరిలో తెల్లవారుజాము 16, 17 డిగ్రీలకు దిగినా మధ్యాహ్నం 28 దాకా పెరుగుతుంది. కత్తిరింపు నుంచి పూత దాకా ప్రతి రోజూ మామూలు కంటే 2 డిగ్రీలు చల్లగా ఉందనుకున్నా, సగటు 25 నుంచి 23కి తగ్గుతుంది. రోజువారీ జమ 20 నుంచి 18కి తగ్గుతుంది. 45 రోజులు పట్టవలసిన పూతకు 50 రోజులు పడుతుంది. ఆలస్యం ఐదు రోజులు మాత్రమే.

దీనికి కారణం తేలికగానే బోధపడుతుంది. ఇంగ్లండు వసంతం గులాబీ ఆధార ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. అక్కడ 3 డిగ్రీలు పెద్ద మొత్తం. మన శీతకాలం ఆ హద్దుకు చాలా ఎత్తులో ఉంటుంది. ఇక్కడ 2 డిగ్రీలు చిన్న మొత్తం. వెయ్యి రూపాయలున్నవాడికి వంద పోవడం, రెండు వందలున్నవాడికి వంద పోవడం ఒకటి కాదు కదా.

ఏజెన్సీ ప్రాంతాల పరిస్థితి వేరు. సీతంపేట, పాచిపెంట వైపు కొండ గ్రామాల్లో రాత్రులు మైదానం కంటే చల్లగా ఉంటాయి. ఇంకా ఎత్తున ఉన్న అరకులోయ, లంబసింగి వైపు మరీ చలి. లంబసింగిలో కొన్ని శీతకాలపు తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా వస్తుంది. అటువంటి చోట పూత మైదానం కంటే రెండు మూడు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఆలస్యం కావడం సహజం. చీపురుపల్లిలో ఉన్న బంధువు మొక్క పూసిందని అరకులో ఉన్నవారు కంగారు పడనవసరం లేదు.

కాబట్టి మైదాన ప్రాంతానికి ఒక నియమం చెప్పుకోవచ్చు: చలి ఒక్కటే కారణమైతే ఆలస్యం సుమారు వారం, మహా అయితే పది రోజులు. అంతకు మించిన ఆలస్యానికి చలిని నిందించి ఊరుకోకూడదు. మరో కారణం వెతకాలి.

6. ఒక అనుభవం: తిత్లీ తరవాతి పెరడు

ఈ నియమాన్ని నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నదానికంటే, నా పొరపాటు వల్ల నేర్చుకున్నదే ఎక్కువ. దాన్ని ఇక్కడ ఉదాహరణగా చెబుతున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలి రైతు కుటుంబాలు ఏళ్ల తరబడి ఆధారం కోల్పోయిన సందర్భం అది. దాని ముందు పెరటి గులాబీల సంగతి చాలా చిన్నది. అయినా పాఠానికి పనికొస్తుంది. టెక్కలి దగ్గర మా ఊరి ఇంటి పెరట్లో ఆరు గులాబీ మొక్కలుండేవి. అక్టోబరు మొదటి వారంలో కత్తిరించాను. చిగుళ్లు కళ్లు తెరుస్తున్న సమయంలో గాలి వచ్చింది. కొన్ని కొమ్మలు విరిగాయి, మిగిలిన చిగుళ్లు మాడినట్టయ్యాయి. ఇల్లు, కప్పు, బావి బాగుచేసుకున్నాక నవంబరు 10న మొక్కలను మళ్లీ కత్తిరించాను.

డిసెంబరు 15 వచ్చినా ఒక్క మొక్కా పూయలేదు. ఏటా కార్తికం చివరికల్లా పూసేవి. ఆ రోజుల్లో రాత్రిళ్లు చలిగా ఉండటంతో చలే కారణమనుకున్నాను. మొక్కకు ఒక చెంచా చొప్పున యూరియా వేసి, రెండు పూటలా నీళ్లు పెట్టాను. డిసెంబరు 30న నాలుగు మొక్కలు పూశాయి. మిగిలిన రెండింటి ఆకులు పసుపుబారి రాలాయి. తవ్వి చూస్తే వేళ్లు కుళ్లి ఉన్నాయి. ఆ రెండింటిలో ఒకటి మా అమ్మగారు కొమ్మ గుచ్చి బతికించిన మొక్క.

ఆ తరవాత కూర్చుని లెక్క వేశాను. నవంబరు 10 తరవాత సగటు 24 డిగ్రీలు అనుకుంటే రోజుకు 19 జమ. 900 కూడడానికి 48 రోజులు. అంటే పూత రావలసిన తేదీ డిసెంబరు 28. మొక్కలు రెండు రోజుల తేడాతో సరిగ్గా తమ వేళకే పూశాయి. డిసెంబరు 15 నాటికి గడిచింది 35 రోజులే. అసలు ఆలస్యమే లేదు. నేను కార్తికం నుంచి లెక్క పెట్టుకుంటున్నాను, మొక్క కత్తిరింపు నుంచి లెక్క పెట్టుకుంటోంది. వృక్షశాస్త్రం బోధించిన వాణ్ణి అయివుండీ, ఆ లెక్కను పెరట్లో వాడాలని తోచలేదు.

ఉత్తర కోస్తాలో కత్తిరింపుల కాలం, తుఫానుల కాలం ఒకటే. 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబరు 12నే విశాఖపట్నం వద్ద తీరం దాటి విజయనగరం జిల్లానూ దెబ్బతీసింది. అందువల్ల మనకు పూత ఆలస్యమైన ఏడాదుల్లో మొదట చూడవలసింది ఉష్ణోగ్రతను కాదు, కత్తిరింపు జరిగిన తేదీని, ఆ తరవాత చిగుళ్లు దెబ్బతిన్నాయా లేదా అన్న విషయాన్ని.

7. చలి కాని కారణాలు

లెక్క ప్రకారం తేదీ దాటి పది రోజులకు పైగా గడిచినా పూత లేకపోతే కింది కారణాలను వరుసగా పరిశీలించాలి.

7.1 గుడ్డి కొమ్మలు: చిగురు ఎదిగి, ఆకులు వేసి, చివర మొగ్గ లేకుండానే ఆగిపోతుంది. మొగ్గ తొలి దశలోనే నశించడం దీనికి కారణం. వెలుతురు చాలకపోవడం ముఖ్య కారణం, దానికి చలి తోడైతే ఇంకా ఎక్కువవుతుంది. శీతకాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి నడవడం వల్ల, వేసవిలో ఎండ తగిలే మొక్క మీద డిసెంబరులో గోడ నీడో కొబ్బరి నీడో పడవచ్చు. దీనికి ఉదయపు పొగమంచు తోడవుతుంది. గులాబీకి రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. గుడ్డి కొమ్మను బలమైన ఐదాకుల రెమ్మ పైకి కత్తిరిస్తే ఆ కణుపు నుంచి కొత్త చిగురు వస్తుంది. లెక్కను ఆ రోజునుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

7.2 వేరు మూలం పిలకలు: నర్సరీ గులాబీల్లో చాలావాటిని అంటు కడతారు. కింద గట్టి వేరు మూలం, పైన మనం కోరిన రకం ఉంటాయి. అంటు కట్టిన చోటికి దిగువనుంచి వచ్చిన పిలక వేరు మూలానిది. అది ఏపుగా పెరిగి ఆహారమంతా లాగేసుకుంటుంది. పెంపకందారు దాన్నే మంచి చిగురనుకుని మురిసిపోతాడు. ఆకులో ఏడు చిట్టి ఆకులుంటే పిలక అని చెప్పే వాడుక ఉంది గానీ అది నమ్మదగిన గుర్తు కాదు, కొన్ని మేలు రకాలకూ ఏడు ఉంటాయి. మట్టి తొలగించి పిలక ఎక్కడనుంచి బయలుదేరిందో చూడటమే సరైన పరీక్ష. పిలకను పైన కత్తిరిస్తే మళ్లీ వస్తుంది, మొదలంటా తీసేయాలి.

7.3 నీరు నిలవడం: వరిమడి మట్టి వంటి బరువు నేలల్లో, అడుగున రంధ్రం మూసుకుపోయిన కుండీల్లో వేళ్లకు గాలి అందదు. చిగురు వాడినట్టు కనిపిస్తుంది. దాన్ని దాహమనుకుని ఇంకా నీళ్లు పోస్తారు. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దించి చూసి, తడి ఉంటే నీళ్లు ఆపాలి.

7.4 ఉప్పు: కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి వంటి తీర గ్రామాల్లో బోరు నీటిలో ఉప్పు ఎక్కువగా ఉండవచ్చు. ఆకు అంచులు గోధుమరంగుకు మారి ఎండటం దీని గుర్తు. నిల్వ చేసిన వాన నీరు గాని, తియ్యని బావి నీరు గాని వాడటం, అప్పుడప్పుడు మట్టి కడిగేలా నిండుగా పోసి నీటిని కిందికి పోనివ్వడం మార్గాలు.

7.5 నత్రజని ఎక్కువ కావడం: ముదురాకుపచ్చ ఆకులు, మెత్తని పొడవైన కొమ్మలు, తక్కువ మొగ్గలు దీని గుర్తులు. ఆలస్యానికి మందుగా వేసిన యూరియా కొన్నిసార్లు ఆలస్యానికి కారణమవుతుంది.

7.6 పురుగులు, తెగుళ్లు: తామర పురుగులు మొగ్గ రేకులను గీకి, మొగ్గ విచ్చకుండా చేస్తాయి. పగలు పొడిగా, రాత్రి చల్లగా ఉండే రోజుల్లో లేత చిగుళ్ల మీద బూడిద తెగులు వస్తుంది. కత్తిరించిన చోటునుంచి కిందికి కొమ్మ నల్లబడుతుంటే అది కొమ్మ ఎండు తెగులు. పచ్చని భాగం వరకు కత్తిరించి, కోసిన చోట రాగి మందు పూయాలి.

7.7 రకం స్వభావం: చల్లని దేశాల కోసం తయారైన రకాలు అన్నీ మన వాతావరణంలో ఒకేలా ప్రవర్తించవు. ఈ ఇబ్బందిని మన దేశంలో గుర్తించి పనిచేసినవారున్నారు. ప్రసిద్ధ వ్యవసాయ శాస్త్రవేత్త డాక్టర్ బి.పి. పాల్ గోధుమ పరిశోధనతో పాటు భారతీయ గులాబీ రకాలెన్నో రూపొందించారు. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసి తరవాత కొడైకెనాల్‌లో స్థిరపడిన ఎం.ఎస్. వీరరాఘవన్, ఆయన సతీమణి గిరిజ వెచ్చని ప్రాంతాల కోసమే గులాబీలను రూపొందించే పని చేపట్టారు. నీటి ఒడ్డున పెరిగే రోజా క్లైనోఫిల్లా, మణిపూర్ కొండల్లో పెరిగే రోజా జైగాంటియా అనే అడవి జాతులను ఇందుకు ఉపయోగించారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
అ) మైదానంలో నవంబరు 1న కత్తిరించిన మొక్క జనవరి 20 దాకా పూయలేదు. దీనికి చలి ఒక్కటే కారణమని చెప్పవచ్చా? ఎందుకు?
ఆ) గుడ్డి కొమ్మకూ వేరు మూలం పిలకకూ తేడా ఏమిటి?

8. ఆలస్యమైనప్పుడు ఏం చేయాలి?

మొదట తేదీ చూడండి. కత్తిరింపు రోజునుంచి డిగ్రీ-దినాలు కూడండి. 900 పూర్తికాకపోతే మొక్క ఆలస్యం కాలేదు. వేచి ఉండటమే అప్పుడు చేయవలసిన పని.

తరవాత చిగురు కొన చూడండి. కొనలో చిన్న మొగ్గ, కనీసం బఠాణి గింజంత కనిపిస్తే పూత దారిలో ఉంది. కొన మొద్దుబారి ఉంటే గుడ్డి కొమ్మ. చిగురు కిందినుంచి వస్తే పిలక.

మూడోది, మట్టి చూడండి. ఎదుగుదల నెమ్మదించిన మొక్కకు నీటి అవసరం కూడా తగ్గుతుంది. వేసవి అలవాటుతో చలికాలంలో నీళ్లు పోయకూడదు.

చివరిది ఎరువు. చిగురు చురుకుగా ఎదుగుతున్నప్పుడే ఎరువు ఉపయోగపడుతుంది. కత్తిరింపు సమయంలో చివికిన పశువుల ఎరువు వేసి ఉంటే, ఆలస్యమైందన్న భయంతో మళ్లీ వేయనక్కరలేదు.

కృత్యం: నోటు పుస్తకంలో ఒక్కో మొక్కకు ఒక పేజీ కేటాయించండి. కత్తిరింపు తేదీ, మొదటి చిగురు, మొదటి మొగ్గ, మొదటి పువ్వు తేదీలు రాయండి. రోజూ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు నమోదు చేయండి. పువ్వు విచ్చిన రోజుకు కూడిన డిగ్రీ-దినాల మొత్తమే మీ మొక్క అంకె. రెండు మూడేళ్ల అంకెల సగటు తీసుకుంటే, మేం ఊహించిన 900 స్థానంలో మీ సొంత అంకె వాడుకోవచ్చు.

ఇలాంటి నమోదులకు విలువ ఎంతో చెప్పడానికి జపాన్ ఒక ఉదాహరణ. క్యోటో నగరంలో చెర్రీ పూత తేదీలు 9వ శతాబ్దం నుంచి దొరుకుతున్నాయి. 2021లో అక్కడ మార్చి 26న నిండుపూత వచ్చింది. అప్పటి దాకా ఉన్న పన్నెండు వందల ఏళ్ల రికార్డుల్లో అంత త్వరగా ఎప్పుడూ రాలేదు. వాతావరణం వేడెక్కుతోందనడానికి సాక్ష్యాల్లో అదొకటి. పాత తేదీలు ఎక్కువగా రాజాస్థాన ప్రముఖులు, సన్యాసులు రాసుకున్న దినచర్య పుస్తకాల్లో దొరికాయి.

9. మామిడితో పోలిక

చలి అన్ని చెట్ల పూతనూ ఆలస్యం చేస్తుందనుకోవడం పొరపాటు. విజయనగరం జిల్లాలో విస్తారంగా పెరిగే మామిడిని చూడండి. సువర్ణరేఖ, పనుకులు వంటి రకాల్లో ముదిరిన రెమ్మ చివరి మొగ్గ ఆకుగా కాక పూతగా మారడానికి చల్లని రాత్రులు కావాలి. డిసెంబరు వెచ్చగా, మబ్బుగా ఉంటే మామిడికి పూత బదులు కొత్త ఆకు వస్తుంది. అంటే మామిడికి చలి ఆజ్ఞ ఇస్తుంది, గులాబీకి చలి వేగం తగ్గిస్తుంది. ఒకే పెరట్లో, ఒకే చలికి మామిడి పూత బాగుండి గులాబీ వారం వెనకబడితే ఆశ్చర్యపడనక్కరలేదు. ఒక మొక్క అనుభవాన్ని మరో మొక్కకు వర్తింపజేసేముందు చలి ఆ మొక్కలో ఏ దశ మీద పనిచేస్తుందో తెలుసుకోవాలి.

10. పండుగకు పూలు: వెనక్కి లెక్కించడం

పది పదిహేను సెంట్లలో గులాబీ పెంచి పట్టణ మార్కెట్‌కు పూలు వేసే చిన్న రైతుకు వారం ఆలస్యం కూడా నష్టమే. పండుగ ముందురోజు పువ్వుకు ఉన్న ధర పండుగ మరునాడు ఉండదు. ఇటువంటి వారికి ఈ లెక్క వెనకనుంచి ఉపయోగపడుతుంది.

అరసవల్లి సూర్యనారాయణ స్వామి ఆలయంలో రథసప్తమికి పూలు కావాలనుకుందాం. తిథిని బట్టి ఆ పండుగ తేదీ ఏటా మారుతుంది. 2025లో ఫిబ్రవరి 4న, 2026లో జనవరి 25న వచ్చింది. శీతకాలపు సగటు 23 డిగ్రీలు అనుకుంటే 50 రోజులు కావాలి. 2025కు కత్తిరింపు తేదీ డిసెంబరు 16, 2026కు డిసెంబరు 6. చలి 2 డిగ్రీలు పెరిగి సగటు 21కి తగ్గితే రోజుకు 16 జమ, 57 రోజులు పడుతుంది. కాబట్టి తోటనంతా ఒకే రోజు కత్తిరించకుండా మూడు భాగాలు చేసి, లెక్క తేదీకి వారం ముందు ఒకటి, ఆ తేదీకి ఒకటి, నాలుగైదు రోజుల తరవాత ఒకటి కత్తిరించడం మంచిది. చలి ఎటు మొగ్గినా ఒక భాగం పండుగకు అందుతుంది.

11. సారాంశం

ఆధునిక గులాబీకి పూతకోసం ప్రత్యేక రుతువు అవసరం లేదు. కొత్త చిగురు తగినంత వేడిని కూడబెట్టుకున్నాక పూస్తుంది. ఈ వేడిని డిగ్రీ-దినాలలో కొలుస్తారు. గులాబీ ఆధార ఉష్ణోగ్రత సుమారు 5 డిగ్రీలు. చల్లని దేశాల వసంతం ఈ హద్దుకు దగ్గరగా ఉండటం వల్ల అక్కడ కొద్ది చలి కూడా వారాల ఆలస్యం తెస్తుంది. ఉత్తర కోస్తా మైదానాల్లో చలి వల్ల కలిగే ఆలస్యం వారం, పది రోజులకు మించదు. అంతకు మించితే కత్తిరింపు తేదీ, తుఫాను దెబ్బ, నీడ, పిలకలు, నీరు నిలవడం, ఉప్పు, నత్రజని, పురుగులు, తెగుళ్లు వరుసగా పరిశీలించాలి. కారణం తెలియకుండా ఎరువు, నీరు పెంచడం ఆలస్యం కంటే ఎక్కువ హాని చేస్తుంది.

12. మీ ప్రగతిని పరీక్షించుకోండి: జవాబులు

1. అ) సగటు 22, జమ 17 డిగ్రీ-దినాలు. ఆ) 900 ÷ 17 = సుమారు 53 రోజులు.
2. అ) చెప్పలేం. గడిచినవి 80 రోజులు. సగటు 23 డిగ్రీలైనా 50 రోజులు చాలు. ఇతర కారణాలు వెతకాలి. ఆ) గుడ్డి కొమ్మ మనం కోరిన రకానిదే, అంటు పైభాగంలో ఉంటుంది, కత్తిరిస్తే మళ్లీ చిగురించి పూయగలదు. పిలక అంటు దిగువనుంచి వస్తుంది, మొదలంటా తొలగించాలి.

13. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో జవాబు రాయండి.
1. డిగ్రీ-దినాల భావనను వివరించి, ఇంగ్లండు వసంతానికీ ఉత్తర కోస్తా శీతకాలానికీ ఉన్న తేడాను ఆ భావన ఆధారంగా చర్చించండి.
2. గులాబీ పూత ఆలస్యానికి చలి కాని కారణాలను, వాటిని గుర్తించే పద్ధతులను రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో జవాబు రాయండి.
1. ఒకే చలి మామిడి పూతకు తోడ్పడి, గులాబీ పూతను ఎందుకు నెమ్మదింపజేస్తుంది?
2. మీ ఊరి పండుగ ఒకదాన్ని తీసుకుని, ఆ రోజుకు పూలు అందేలా కత్తిరింపు ప్రణాళిక తయారుచేయండి.
3. పూత తేదీల నమోదు వల్ల ప్రయోజనాలేమిటి?